ఒంటి నట్టు చక్రము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికపై నుండి పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు చెప్పుట మాకు వాడుక. ఆ లెక్కలన్నియు నివేదికలో అచ్చయినవి. మీరు తీరికగా చదువుకొనవచ్చును. ఈసారి మేము ఒక చక్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఇది బడికి సంబంధించిన విషయమేనా యని మీరు సందేహింపవచ్చును. విన్న తరువాత మీరే నిర్ణయింపుడు.

మా తొమ్మిదవ తరగతి బాలురు కొందరు సెల్‌ఫోనులో పందెపు కార్ల చిత్రమును చూచి వచ్చి ఇట్లు అడిగిరి: "మాస్టారూ, ఆ కారు చక్రానికి ఒక్కటే నట్టు ఉంది. మా నాన్న జీపు చక్రానికి అయిదున్నాయి. ఒక్కదానితో చక్రం ఊడిపోదా?" ప్రశ్న చిన్నది. కాని దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్న బండి ఇరుసు నుండి విమానపు ఇంజను వరకు పోవలసి వచ్చినది. ఆ సమాధానమునే నేడు మీ ముందుంచుచున్నాము. మన పిల్లలు ప్రతిదినము చక్రముల మీదనే బడికి వచ్చుచున్నారు గనుక ఇది మనకందరికిని పట్టిన విషయము.

మొదట మన ఎద్దుబండిని చూతము. బండి చక్రమునకు నడుమ కుండ, కుండ నుండి ఆకులు, వాని చుట్టును ఇనుప పట్టా. ఇరుసు కొనను కుండలో దూర్చి, బయటకు వచ్చిన కొనకు బెజ్జము వేసి, అందులో ఒక ఇనుప మేకును గ్రుచ్చెదరు. దానినే కడచీల యందురు. చక్రమును ఇరుసు మీద నిలుపునది ఆ చీల యొక్కటియే. కందెన వేయవలసి వచ్చినపుడు బండివాడు ఇరుసును ఎత్తి పెట్టి, చీల పీకి, చక్రమును ఇవతలకు లాగి, కందెన పూసి, మరల ఎక్కించి, చీల గ్రుచ్చి, దానిని ఒకసారి చేతితో తడిమి చూచి గాని ఎద్దులను కట్టడు. అనగా నడుమ నొక్కచోట మాత్రమే బంధించిన చక్రము మన తాతముత్తాతలకు క్రొత్తది కాదు.

కైకేయి కథను మన యిండ్లలో ముసలివారు చెప్పుట మీరు వినియుందురు. యుద్ధములో దశరథుని రథమునకు చీల ఊడిపోగా, ఆమె ఆ బెజ్జములో తన వ్రేలిని దూర్చి రథమును నిలిపెననియు, దానికి మెచ్చి రాజు రెండు వరములిచ్చెననియు ప్రజలు చెప్పుకొందురు. కథను చెప్పినవారికి బండి పని బాగుగా తెలియును. ఎంత గొప్ప రథమైనను, ఎంతటి వీరుడెక్కినను, జానెడైన లేని ఆ చీల లేకున్న చక్రము నిలువదను సంగతి అందులో నున్నది.

మోటారుబండ్లు వచ్చిన తొలినాళ్లలో చక్రమును విప్పి మార్చుట యనునది లేదు. దారిలో గాలి పోయినచో చక్రము బండికి ఉండగనే టైరును ఊడబెరికి, అతుకు వేసి, గాలి కొట్టుకొనవలసినదే. 1904 ప్రాంతమున వేల్సు దేశములో లనెల్లి అను ఊరిలో డేవిసు సోదరులు, గాలి పోయిన చక్రము ప్రక్కన బిగించుకొనుటకు వీలైన అదనపు చట్రమును తయారుచేసిరి. వారి దుకాణము స్టెప్నీ వీథిలో నుండెను. నేటికిని మన జయపురము మొదలు గుణుపురము వరకు ప్రతి డ్రైవరును అదనపు చక్రమును స్టెప్నీ యనుచున్నాడు. ఎచటి వీథి పేరో మన నోట నిలిచినది!

పిదప ఇంగ్లండులో కొవెంట్రీ నగరమునందలి రడ్జి విట్‌వర్తు కంపెనీవారు, చక్రమును సాంతముగా తీసి వేరొకటి వేయుటకు వీలైన పద్ధతిని రూపొందించిరి. అదియే మన పిల్లలు చూచిన ఒంటి నట్టు చక్రమునకు మూలము. అది పందెములలో ఎంత లాభకరమైనదనగా, 1908లో ఫ్రాన్సు దేశపు గ్రాండ్ ప్రీ పందెమున అట్టి విడి చక్రములు కూడదని నిషేధించిరి. కాని మంచి పద్ధతి నిషేధముతో ఆగదు. కొలది కాలములోనే పందెపు కార్లన్నిటికిని అదియే వాడుకయైనది.

ఇప్పుడు బాలుడడిగిన ప్రశ్నకు వత్తము. మామూలు కారునకు నాలుగో ఐదో నట్లు, బస్సునకు లారీకి ఎనిమిదో పదియో నట్లు ఉండును. ఒకటి వదులైనను తక్కినవి కొంతసేపు కాపాడును. ఒంటి నట్టు చక్రమునకు ఆ ఆసరా లేదు. అయినను అది ఎట్లు నిలుచుచున్నది? పనిని పంచుట వలన. పాత పద్ధతి చక్రమును చూడుడు. ఇరుసు తల చుట్టును సన్నని పండ్లుండును. చక్రపు కుండ లోపల ఆ పండ్లకు సరిపడు గాడులుండును. ఒకదానిలో నొకటి ఇమిడిపోవును. ఇంజను త్రిప్పు బలమును, బ్రేకు ఆపు బలమును ఆ పండ్లే మోయును. నట్టు చేయవలసిన పని ఒక్కటియే: చక్రమును బయటకు జారనీయక, దాని స్థానమున గట్టిగా అదిమియుంచుట. తన పని తాను చేసిన చాలును.

ఐనను, చక్రము తిరుగుచుండగా నట్టు తానే వదులు కాదా? ఇక్కడనే అసలు చమత్కారమున్నది. మీ యింటిలో ఆడపిల్ల చేతికి కొంచెము వదులుగా నున్న గాజు వేసి, మణికట్టును సున్న చుట్టినట్లు త్రిప్పుమనుడు. గాజు చేతి మీద మెల్లమెల్లగా అదే దిశలో జరుగుచు తిరుగును. రడ్జి పద్ధతిలో నట్టు గాజు వంటిది. చక్రపు కుండ మొగము మణికట్టు వంటిది. నట్టు లోపలి అంచు గరాటువలె వెడలుపై, కుండ మొగము మీద టోపీవలె కూర్చుండును. బండి బరువు పడు చోటు చుట్టును తిరుగుచుండుటచే నట్టు కూడ వెంట్రుకవాసి వంతున జరుగ జూచును. అది జరుగు దిశ బిగియు దిశయే యగునట్లు మరలు కోసినచో, బండి నడచినకొలదియు నట్టు బిగియునే గాని వదులు కాదు.

అందుచేత ఆ కార్లకు ఎడమ ప్రక్క చక్రములకు మామూలు కుడి మర, కుడి ప్రక్క చక్రములకు ఎడమ మర కోసిరి. జ్ఞాపకముంచుకొనుటకు సులభమైన సూత్ర మొకటి గలదు. ఏ ప్రక్కనైనను సరే, నట్టు పైభాగమును కారు ముందువైపునకు త్రిప్పిన వదులగును. వెనుకవైపునకు త్రిప్పిన బిగియును. నట్టు మీద విప్పు దిశను బాణపు గుర్తుతో చెక్కియుంచుటయు గలదు. అయితే ఇది నట్టు టోపీవలె కూర్చుండు చోట మాత్రమే చెల్లును. నట్టు కొన సన్నబడి చక్రములోనికే దిగు చోట లెక్క తారుమారగును. కొన్ని పాత లారీలకు ఎడమ ప్రక్క చక్రముల నట్లకు ఎడమ మర యుండుట దీనివలననే. ఆ సంగతి నెరుగని కుర్రవాడు పానా మీద నిలబడి ఎగిరెగిరి త్రొక్కి, విప్పుచున్నాననుకొని బిగించును. తుదకు బోల్టు విరుగును. బలము లేక కాదు, చదువక చెడినది. కావున ఏ బండికైనను ముందు గుర్తు చూడవలెను, దాని పుస్తకము చదువవలెను, అటు పిమ్మటనే పానా పట్టవలెను.

ఇక చక్రమును తీయు క్రమము. బండిని సమతలమైన గట్టి నేల మీద నిలిపి, చేతి బ్రేకు వేసి, తీయని చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెను. చక్రము నేల మీద నుండగనే నట్టును కొంచెము వదులు చేయవలెను. పాత కార్ల నట్టులకు రెండు మూడు రెక్కలుండును. ఆ రెక్కలను రాగి సుత్తితోనో, సీసపు సుత్తితోనో కొట్టవలెను. ఇనుప సుత్తితో కొట్టిన రెక్క చెడును, రవ్వ లేచి కంట పడును. (ఈ రెక్కలు దారిని పోవువారికి తగిలి గాయపరచునని అమెరికాలో 1968 నుండి వానిని నిషేధించిరి. తరువాత ఎనిమిది పలకల నట్లు వచ్చినవి.) పిమ్మట జాకీతో ఎత్తి, జాకీ నొక్కదానినే నమ్మక క్రింద స్టాండు పెట్టి, నట్టు విప్పి, చక్రమును అటునిటు ఊపక తిన్నగా బయటకు లాగవలెను.

మరల ఎక్కించుటయే కష్టమైన పని. మొదట పండ్లను, గాడులను, మరలను శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. ఇసుక రేణు వొకటి మిగిలినను అది చక్రమును సరిగా కూర్చుండనీయదు. పండ్ల కొనలు అరిగి కత్తివలె వాడిగా నున్నచో ఆ చక్రము పనికిరాదని తెలియవలెను. పలుచగా గ్రీజు పూయవలెను. అది బ్రేకు మీద పడరాదు. చక్రమును తిన్నగా లోనికి తోసి, నట్టును మొదట చేతితోనే కొన్ని చుట్లు త్రిప్పవలెను. చేతికి సులభముగా తిరిగిన మర సరిగా పడినట్లు. బిగుసుకొన్నచో వంకరగా పడినట్లు. అప్పుడు బలము చూపక, విప్పి మరల మొదలు పెట్టవలెను. చక్రము గాలిలో నుండగనే బిగించిన అది నడిమికి చక్కగా కూర్చుండును. క్రిందికి దింపి మరల చూడవలెను. కొలది దూరము నడిపి ఇంకొకసారి చూడవలెను.

నేటి కార్లలో ఈ పద్ధతి మరికొంత మారినది. ఇటీవలి పోర్షా 911 జీటీ3 వంటి కార్లకు నడిమి నట్టును 600 న్యూటన్ మీటర్ల బిగువున బిగింపవలెను. అనగా మీటరు పొడవు గల కడ్డీ కొనను సుమారు 60 కిలోల బరువు వ్రేలాడదీసినంత. మన చిన్న కార్ల నట్టు ఒక్కొక్కదానికి 100 న్యూటన్ మీటర్ల ప్రాంతము చాలును. ఒకరు లోపల కూర్చుండి బ్రేకును అదిమి పట్టుచుండగా, వేరొకరు కొలత చూపు టార్కు రెంచితో బిగించెదరు. లోపలి తాళపు చీల తన స్థానమునకు వచ్చినదో లేదో చూచి గాని పని ముగిసినదనరు. చూచితిరా, అంత క్రొత్త కారులోను తుదకు చేతితో తడిమి చూడవలసినది ఒక చీలయే!

మన పిల్లలు చిత్రములో చూచిన పందెపు మాట చెప్పెదము. 2023లో కతారు దేశమునందు జరిగిన ఫార్ములా వన్ పందెములో మెక్లారెన్ జట్టువారు నాలుగు చక్రములను 1.80 సెకనులలో మార్చిరి. చక్రమునకు ముగ్గురు చొప్పున నిలుతురు: ఒకరు నట్టు విప్పి బిగించువాడు, ఒకరు పాతది లాగువాడు, ఒకరు క్రొత్తది పెట్టువాడు. జాకీలవారితోను, తక్కినవారితోను కలిసి సుమారు ఇరువది మంది. నాలుగు చక్రములవారును పని ముగిసినదని సంకేతమిచ్చిన పిమ్మటనే కారు కదలవలెను. రెండు సెకనుల పనికి ఏడాది పొడుగున సాధన చేయుదురు. మన పిల్లలు రెండు సెకనులను చూచిరి, సాధనను చూడలేదు. దానిని చూపుట మన వంతు.

అట్టివారికిని తప్పు జరుగును. 2018 మార్చి 25న ఆస్ట్రేలియాలో మెల్బోర్ను పందెమున హాస్ జట్టు కార్లు రెండును నాలుగు, ఐదు స్థానములలో పోవుచుండెను. చక్రములు మార్చుకొని వెడలిన వెంటనే ముందు ఒకటి, కొలదిసేపటికే రెండవది నిలిచిపోయెను. రెండింటను ఒక్కొక్క నట్టు సరిగా పడలేదు. అంతే, ఆ దినపు శ్రమ వ్యర్థము. 2021 మే 23న మొనాకోలో మెర్సిడెస్ జట్టువారికి ఇంకొక విధమైన చిక్కు వచ్చినది. బొటాస్ అను చోదకుడు రెండవ స్థానమున నుండి చక్రము మార్చుకొనుటకు ఆగెను. విప్పు యంత్రము నట్టు మీద సరిగా కూర్చుండక ముందే తిరుగుటచే, నట్టు అంచులన్నియు అరిగిపోయి పట్టు చిక్కలేదు. పందెము అక్కడితో ముగిసెను. ఆ చక్రమును ఇంగ్లండులోని తమ కర్మాగారమునకు కొనిపోయిన తరువాత గాని తీయలేకపోయిరి. ఒకచోట చాలినంత పడని నట్టు, ఒకచోట రానని మొరాయించిన నట్టు. రెండింటికిని మూలము ఒక్కటియే: సరిగా కూర్చుండక ముందే త్రిప్పుట.

ఇవి దూరదేశముల సంగతులనుకొనకుడు. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల పందెము, ఫార్ములా ఈ, జరిగెను. ఆ కార్ల చక్రములును ఒంటి నట్టువే. ఇంకను దగ్గరకు రండు. మన సునాబెడలో 1964లో స్థాపించిన హిందూస్థాన్ ఏరోనాటిక్సు కర్మాగారములో మిగ్ విమానముల ఇంజనులు తయారైనవి. విమానపు ఇంజనులో ఏ నట్టును ఉజ్జాయింపుగా బిగింపరు. ప్రతిదానికిని కొలత గలదు, వ్రాత గలదు, ఒకరు చేసిన పనిని వేరొకరు చూచి సంతకము చేయుట గలదు.

మరి మన దారులలో? సాలూరు నుండి సుంకి ఘాటు నెక్కి, పొట్టంగి, సెమిలిగుడల మీదుగా కొరాపుట్ చేరు దారి మీకు తెలియును. రాయగడ నుండి లక్ష్మీపురము మీదుగా వచ్చు దారియు తెలియును. ఆ మలుపులలో ఒక చక్రము ఊడినచో అది పందెములో ఓడుట వంటిది కాదు. లోపల కూర్చున్నవారు మన పిల్లలు. కావున తల్లిదండ్రులకు మా విన్నపములు కొన్ని గలవు.

మీ పిల్లలు వచ్చు ఆటో గాని, జీపు గాని చక్రము మార్చిన దినమున, నట్లు మరల చూచితివా యని డ్రైవరు నడుగుడు. చక్రము మార్చిన పిమ్మట 50, 100 కిలోమీటర్లు తిరిగిన తరువాత నట్లను మరల బిగించి చూడవలెనను నియమము పెద్ద బండ్లకును చిన్న బండ్లకును కలదు. నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. ఘాటు దిగివచ్చి కుండ కాలుచుండగా బిగింపరాదు, చల్లారనీయవలెను. నట్టు చుట్టును త్రుప్పు చారలు కన్పించినచో అది వదులైనదేమో యని అనుమానింపవలెను. జాకీ మీద నిలిపిన బండి క్రిందికి ఏ బాలుడును దూరకుండ చూడవలెను. ఇందులో ఒక్క రూపాయి ఖర్చు లేదు. అడుగుటకు తల్లులు సంకోచింపనక్కరలేదు. గాజు ఉదాహరణము వారికే బాగుగా తెలియును.

రెండవ విన్నపము పిల్లల చదువును గూర్చి. "మా వాడు బాగా చదవకపోతే షెడ్డులో పెట్టేస్తాం" అని మాతో అనువారున్నారు. షెడ్డును శిక్షగా చెప్పకుడు. మెకానిక్కు చేతిలో నలువది మంది ప్రాణములుండును. ఆ పనికి మిక్కిలి చదువు కావలెను: కొలత చదువుట, గుర్తు చదువుట, పుస్తకము చదువుట, కారణము తెలిసికొనుట. షెడ్డులో ఒక మాట ఒరియాలో వినబడును, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. మూడును నేర్వవలసినదే; మేము నేర్పుచునే యున్నాము. కాని కుడి మర ఎందులకు, ఎడమ మర ఎందులకు అను ప్రశ్న మొదట ఇంటి భాషలో పుట్టినది గనుకనే ఆ బాలుడు నోరు తెరచి అడుగగలిగెను. ఇరుసు, కుండ, ఆకు, కడచీల, కందెన అను మాటలు అతనికి తెలిసియున్నందున సమాధానము వెంటనే తలకెక్కినది. ఈ బడి ఉండుటలో ప్రయోజనము ఇదియే యని మా యభిప్రాయము. బాలికలును ఈ విషయమున వెనుకంజ వేయరాదు. ప్రశ్న అడిగిన వారిని చూచి ఆ వారమే ఇద్దరు బాలికలు తమ ఇండ్ల బండ్ల నట్లను లెక్కించి వ్రాసికొని వచ్చిరి.

వచ్చే నెల నుండి నెలకొక శనివారము మధ్యాహ్నము పెద్ద తరగతులవారికి చక్రమును తీసి వేయుటను మైదానములో చూపదలచితిమి. ఒక ఎద్దుబండి చక్రము, ఒక జీపు చక్రము కావలెను. మీలో బండ్లు నడుపువారు, షెడ్డులు నడుపువారు పలువురున్నారు. ఒక్క పూట వచ్చి మా పిల్లల ముందు ఆ పనిని చేసి చూపుడని ప్రార్థించుచున్నాము. వచ్చువారు తమ పేరును, రాగల శనివారమును సభ ముగియగనే కార్యాలయములో వ్రాయించి పోవలెను. టార్కు రెంచి గలవారు దానిని తప్పక తేవలెను. అది మా బడిలో లేదు.